జోడీకి ఒక జత చక్రాలు

ఆ ఏడాది పత్రికలన్నిటికీ వలస కార్మికుడంటే నడిచేవాడే. నెత్తిన మూట, చంకన పిల్ల, కింద కాలే రోడ్డు. ఆ ఫొటోలు అబద్ధం కావు. కానీ నడవలేక ఉన్నచోటే ఉండిపోయినవాడి ఫొటో ఎవరూ తీయలేదు. అందులో చూడ్డానికేముంది? సూరత్‌లో, ఉధ్నా స్టేషన్ వెనక ఒక అద్దె గదిలో సోమలింగం అలా ఉండిపోయాడు. ఊరి మీద బెంగ లేక కాదు, సూరత్ మీద ప్రేమ పొంగీ కాదు. ఎడమకాలి మడమ వల్ల.

యాభైకి దగ్గరపడిన మనిషి. మీసాలు కూడా రాని వయసులో సిరిసిల్ల పక్క పల్లె నుంచి వచ్చి సాంచాల మీద పడ్డాడు. మరమగ్గాన్ని నేతవాళ్ళు సాంచా అంటారు. సాంచా నడిపేవాడు కూర్చోడు. రెండు వరసల మధ్య సిమెంటు గచ్చు మీద పన్నెండు గంటలు అటూ ఇటూ తిరుగుతాడు. కుడికి ఒక చూపు, ఎడమకు ఒక చూపు, ఎక్కడ పోగు తెగితే అక్కడ ఆగి ముడి. ముప్పై ఏళ్ళు అలా తిరిగితే మడమలో మేకు దిగుతుంది. డాక్టరు చూసి, "ఎక్కువసేపు నిలబడొద్దు" అన్నాడు. సోమలింగం మర్యాదగా తల ఊపి, కార్ఖానాకు పోయి నిలబడ్డాడు.

జోడీ సంగతి ఇక్కడే చెప్పేయాలి. అది తెలియకపోతే ఈ మనిషి తెలియడు. ఒక్కో సాంచాల గుంపుకు ఇద్దరు మనుషులు. ఒకరిది దిన్‌పాళీ, ఇంకొకరిది రాత్‌పాళీ. పొద్దున ఏడింటికి ఒకడొచ్చి నిలబడితేనే రెండోవాడు దిగాలి. సాయంత్రం మళ్ళీ అంతే. సాంచా ఆగకూడదు కనుక, వచ్చేవాడు రాకపోతే ఉన్నవాడు పోవడానికి లేదు. ఈ ఇద్దరినీ కలిపి జోడీ అంటారు. మొగుడూ పెళ్ళాల కంటే గట్టి ముడి అది. విడిపోయిన మొగుడికి కనీసం తన పని ఉంటుంది. జోడీ పోయినవాడికి సాంచాలే ఉండవు.

సోమలింగం జోడీ రాంప్రసాద్, జగిత్యాల పక్కవాడు. నాలుగైదేళ్ళు చిన్న, నోరు మాత్రం పెద్దది. ఇద్దరూ పదేళ్ళకు పైగా ఒకే సాంచాల మీద బతికారు. ఒక్కసారి కూడా కలిసి కూర్చుని చాయ్ తాగలేదు. ఒకడు మేలుకున్నప్పుడు ఇంకొకడు నిద్ర. సెలవు రోజున కూడా రాత్‌పాళీ చేసినవాడికి పక్కే స్వర్గం. వాళ్ళ స్నేహమంతా పాళీ మారే ఆ కాసేపు, చెవులు పగిలే మోతలో, అరుపుల మీద నడిచింది. "మూడోదాని పోగుల బీమ్ ఒడవొస్తున్నది బావా!" "ఏడోది పోగులు తెంపుతున్నది, జర చూస్కో!" అంతే. ఒకరి పిల్లల పేర్లు ఇంకొకరికి సరిగా తెలియవు. ఒకరి సాంచాల గురించి ఇంకొకరికి తెలియనిది లేదు.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సాంచాలు ఆగాయి. రెండు నెలలకు సోమలింగం బామ్మర్ది నర్సింగం, "ఇగ ఉండలేను బావా, ఇంటికి పోత" అన్నాడు. రైలు దొరకలేదు. సోమలింగం తన సైకిల్ తీసి ఇచ్చాడు. కొన్నాళ్ళకు నర్సింగం ఊరి నుంచి ఫోన్ చేశాడు.

"చేరిన బావా. సైకిల్ మంచిగనే ఉన్నది."

"నువ్వెట్లున్నవ్‌రా?"

"నేను గూడ మంచిగనే ఉన్న."

"మరి ఎప్పుడొస్తవ్?"

"చూస్త బావా."

సైకిల్ తిరిగి రాలేదు. దాన్ని అడగాలన్న ఆలోచన భార్య జమునకు రాలేదు, ఎంతైనా తమ్ముడు. సోమలింగానికి వచ్చింది కానీ జమున ఎదురుగా ఉంది.

ఆ ఖాళీ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం కూతురు ప్రసన్న ఫోన్ పట్టుకొచ్చింది. పదకొండో తరగతి పిల్ల, ఆన్‌లైన్ పాఠం నడుస్తుండగా పక్కన ఇంకేదో చూడడంలో ఆరితేరింది.

"బాపూ, ఇగో దేఖో, ఆఫీసుకు ఎట్ల పోతున్నరో."

ఎక్కడో ఉత్తరాన, మంచు దేశంలో ఒక నగరం. ఊరి నడిమి కాలవ చలికి గడ్డకట్టింది. కోట్లు, మఫ్లర్లు, వీపున బ్యాగులు వేసుకున్న జనం, కింద ఇనుప అంచున్న బూట్లతో ఆ గడ్డ మీద జారుకుంటూ పనికి పోతున్నారు. కొందరికి పనేమీ లేదు, ఊరికే తిరుగుతున్నారు. గట్టున చాయ్ దుకాణం. ఒక ముసలాయన చేతులు వెనక్కి కట్టుకుని, తన పెళ్ళిలో తానే నడుస్తున్నంత దర్జాగా నట్టనడిమి నుంచి పోతున్నాడు.

జమున తొంగి చూసి, "మన ఖాడీ గడ్డకడితే మీ బాపు గూడ పోతడు తియ్యి. ఇయ్యాల ఎర్ర గడ్డ, రేపు నీలం గడ్డ" అంది. ఖాడీ అంటే ఊరి మురికి వాగు, పాండేసర రంగుల మిల్లుల నీళ్ళు అందులోకే పోతాయి.

ప్రసన్న నవ్వింది. సోమలింగం నవ్వలేదు. ముసలాయన కాళ్ళకేసి చూస్తున్నాడు.

"అడుగే ఎత్తుతలేడు గదనే."

"జారుతున్నడు బాపూ. అడుగెందుకు ఎత్తుతడు?"

"మడిమె నేలకు కొట్టుకుంటనే లేదు. ఇంకోపారి పెట్టు."

అందరూ మంచును చూశారు, అతను మడమను చూశాడు. ఇలాంటి వీడియోలు చూసి మనవాళ్ళు నగర నాగరికత మీద ఉపన్యాసాలిస్తారు. ఆ ముసలాయన నాగరికత కోసం పోవడం లేదు. దారి ఉంది, పోతున్నాడు.

ప్రసన్నకు స్కేట్లున్నాయి. బడి గ్రౌండులో నేర్చుకున్నప్పుడు పాత సామాన్ల బజారులో కొన్నవి. ఇనుప పలక కింద నాలుగు చక్రాలు, మీద పట్టీలు. మనం వేసుకున్న బూట్లకే బిగించుకోవాలి. నడిమి మర తిప్పితే పలక పొడుగూ పొట్టీ అవుతుంది. సోమలింగం వాటిని తిరగేసి, బోర్లించి, చక్రం తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"నీకెందుకు బాపూ?"

"ఊకె."

"ఊకెనా?" అంది జమున పొయ్యి దగ్గర్నుంచి. "బొక్కలిరిగితే ఊకె అతుకుతరా?"

కార్ఖానాలు తెరిచే ముందు, సాంచాలు తుడిచి నూనె పెట్టమని సేఠ్ కబురు చేశాడు. సోమలింగం సంచీలో స్కేట్లు వేసుకుని పోయాడు. మోత లేని కార్ఖానాను అతను అన్నేళ్ళలో ఎప్పుడూ చూడలేదు. పైకప్పు కింద పావురాలు గూడు పెట్టాయి, అవి రెక్క విదిలిస్తే వినబడింది. తుడిచే పని ముగించి, రెండు వరసల నడుమ స్కేట్లు కట్టుకుని లేచాడు. కుడిచేయి ఒక సాంచా మీద, ఎడమచేయి ఇంకోదాని మీద. ఆ సందు వెడల్పు సరిగ్గా అతని చేతులంత. పడడానికి చోటే లేదు. మొదటిరోజు పాకాడు. రెండోనాటికి జారాడు. వారం తిరిగేసరికి ఒక్క చేత్తో ఒక్కో సాంచాను తాకుతూ, తను ముప్పై ఏళ్ళుగా నడిచిన దారిలోనే, ఈ కొస నుంచి ఆ కొసకు అడుగెత్తకుండా పోయాడు.

జులైలో పని మొదలైంది. కార్ఖానా ఉన్న పాండేసరకు నాలుగు కిలోమీటర్లు కూడా ఉండదు. షేర్ ఆటోలు తక్కువ, ఉన్నవాటిలో ఇద్దరికే చోటు. ఉధ్నాకు వచ్చేసరికే అవి నిండిపోయేవి. సోమలింగం నడిచాడు. మడమ మొదటి కిలోమీటరు ఊరుకునేది, రెండోదాంట్లో మాట్లాడేది, మూడోదాంట్లో తిట్టేది. మూసేసిన బస్సు స్టాపుల్లో కూర్చుంటూ పోయేవాడు. ఆలస్యం. మర్నాడూ ఆలస్యం. రాత్రంతా నిలబడ్డ రాంప్రసాద్ మొదట ఊరుకున్నాడు, తర్వాత మూతి ముడిచాడు, చివరికి ఒక పొద్దున మాస్కు కిందికి గుంజి మరీ అన్నాడు.

"బావా, నీయే కాళ్ళా? నాయి కట్టెలా?"

"మడిమె నొస్తున్నదిరా."

"నొస్తదని నాకు ఎర్కనే. పన్నెండు గంటలైనంక నువ్వొచ్చెదాక ఎదురుచూసుడు, మల్ల గంత దూరం నడుసుడు. ఇగో, కనకయ్య జోడీ ఊరికి పోయిండు. మల్ల రాడట. నువ్వు గిట్లనే చేస్తె నేను కనకయ్యతోని జోడీ కడ్త. ముంగటనే చెప్తున్న, ఎనక అనకు."

అందులో కోపం లేదు. అదే భయపెట్టింది. కోపమైతే చల్లారుతుంది, రాంప్రసాద్ లెక్క సరిచూసుకుని మాట్లాడుతున్నాడు. యాభై ఏళ్ళ, మడమ పోయిన మనిషిని కొత్తగా జోడీగా ఎవరు తీసుకుంటారు? సాంచాలు పోతే ఊరికి పోవాలి. ఊళ్ళో సైకిల్ తప్ప అతనిదంటూ ఏమీ లేదు.

సచిన్ అనే ఊరి దాకా పోయే పెద్ద రోడ్డుకు నడుమ, బస్సుల కోసమే వేసిన దారి ఒకటుంది. అటూ ఇటూ ఇనుప కంచె. బస్సులు ఆగిపోయి నెలలైంది. లారీలు రావు, గుంతలు లేవు, గచ్చులా నున్నగా పడి ఉంది. కొన్ని నగరాలకు చలి దారి వేస్తుంది. దీన్ని జబ్బు వేసింది. ఆదివారం పొద్దున ప్రసన్న తండ్రిని అక్కడికి తీసుకుపోయింది.

సోమలింగం బాగానే పోయాడు. కానీ ముందుకు చూడడే! కుడికి ఒక చూపు, ఎడమకు ఒక చూపు.

"బాపూ, సామ్నే! ముందు చూడు!" ప్రసన్న వెనక నుంచి పరుగెత్తింది. "పక్కకేమున్నది?"

"ఏం లేదు బిడ్డా. పోగు తెగిందేమోనని..."

చేతులు కూడా రెండు పక్కలా చాచి, లేని సాంచాలను తాకబోయేవాడు. పడడానికి చోటు లేనిచోట నేర్చుకున్న విద్య, పడడానికి ఎంతో చోటున్న రోడ్డు మీద కంగారు పడింది. ప్రసన్నకు ఒక ఉపాయం తట్టింది. "చేతులు ఎనక కట్టుకో. ఆ తాతలెక్క." కట్టుకున్నాడు. నిలబడ్డాడు.

సోమవారం ఏడు కాకముందే అతను కార్ఖానా గేటు ముందు దిగాడు. వాచ్‌మన్, "క్యా కాకా, సర్కస్ మే భర్తీ హో గయే?" అన్నాడు, సర్కస్‌లో చేరావా అని. లోపల రాంప్రసాద్ ఆ చక్రాలను చూసి, మనిషిని చూసి, మళ్ళీ చక్రాలను చూశాడు.

"ఏంది బావా గది?"

"వచ్చిన్నా లేదా, గది చెప్పు."

"వచ్చినవ్. కాని నువ్వు రోడ్డు మీద పోతుంటె జనం నవ్వుతలేరా?"

"నవ్వుతున్నరు. మాస్కులేస్కున్నరు గదా, కనవడుతలేదు."

దీన్ని పట్టుదల అనీ, శ్రామికుడి మొక్కవోని ధైర్యం అనీ రాసేవాళ్ళున్నారు. రాసుకోనివ్వండి. జోడీ పోతుందన్న భయానికి అంత పేరు అక్కర్లేదు.

నాలుగు రోజులు సాగింది. నాలుగో రోజు చక్రాలు కీచుమన్నాయి. సాంచా మనిషికి కీచుమన్నదేదైనా ఒకటే అర్థం. నూనె కుప్పెతో సాంచాకు పోసే నూనే తీసి చక్రాలకు దండిగా పోశాడు. ఎప్పట్లాగే వాటిని సాంచా కింద పెట్టి పనిలో పడ్డాడు. కార్ఖానాలో గాలంతా పోగుల నూగు. సాంచాల మీద వాలినట్టే, పొద్దంతా ఆ తడి చక్రాల మీద కూడా వాలింది. సాంచాను గంటకోసారి తుడుస్తాడు. స్కేట్లను తుడవాలని ఎవడికి తోస్తుంది? సాయంత్రం బరువుగానైనా కదిలాయి. రాత్రి గడిచేసరికి నూగూ నూనే కలిసి ఇరుసు చుట్టూ కంబళిలా బిగుసుకున్నాయి. పొద్దున సగం దారిలో ఎడమ స్కేటు చక్రం ఒక్కసారిగా నిలిచింది. చక్రం ఆగింది, సోమలింగం ఆగలేదు.

మోచెయ్యి చీరుకుపోయింది, ప్యాంటు మోకాలి దగ్గర చిరిగింది. స్కేట్లు సంచీలో వేసుకుని, కుంటుతూ మిగతా దూరం నడిచాడు. కార్ఖానా చేరేసరికి ఎండ గేటు దాటి లోపలికొచ్చింది. రాంప్రసాద్ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. పక్క వరసలో కనకయ్య తలెత్తి చూసి, మళ్ళీ తన పోగుల్లోకి దించుకున్నాడు. కనకయ్య చూసిన తీరు సోమలింగానికి అర్థమైంది. వాళ్ళిద్దరి మధ్య జోడీ మాటలు అయిపోయాయన్నమాట.

ఏం చెప్పినా ఆ మోతలో వినబడదు. సంచీ తెరిచి చక్రం చూపించాడు. అది తిరగదని వేలితో తోసి చూపించాడు.

రాంప్రసాద్ స్కేటు లాక్కున్నాడు. జేబులోంచి పోగులు లాగే కొక్కెం తీసి ఇరుసులోకి పొడిచాడు. ఒక వలయం, నల్లగా, జిడ్డుగా, చిన్న గాజంత, పుటుక్కున ఊడి వచ్చింది. ఇంకో చక్రంలోంచి ఇంకోటి. ఆ పనిలో అతని మొహం కాస్త సర్దుకుంది. మనుషుల మీద విసుగొచ్చినవాడికి యంత్రం బాగు చేయడం కంటే మందు లేదు.

చెవి దగ్గరికొచ్చి అరిచాడు. "సాంచా నూనె పోసినవా?"

"పోసిన!"

"ఎవడన్న పోస్తడా గిట్ల? నూగంత పట్టదా?"

"నువ్వయితె ఏం పోస్తువు?"

రాంప్రసాద్ ఆలోచించాడు. "గదే పోద్దును" అని ఒప్పుకున్నాడు.

ఎనిమిది చక్రాలూ తిరిగాయి. ఇంక రాంప్రసాద్ ఇంటికి పోవాలి. గుమ్మం దాకా పోయి, ఎండలో తెల్లగా కాలుతున్న రోడ్డు చూసి, వెనక్కి వచ్చాడు. స్కేట్లు అప్పటికే సాంచా కింద ఉన్నాయి.

"బావా, ఇయి పొద్దంత ఈడ ఏం చేస్తయి?"

"ఏం చేస్తయి? ఉంటయి."

"ఊకెనే ఉంటయా?"

సూరత్‌లో పనిచేసే మనిషి నోట అది ప్రశ్న కాదు, అభ్యంతరం. ఇక్కడ ఇనుము ఊరికే ఉండకూడదు. ఒకడు దిగితే ఇంకొకడు ఎక్కాలి, తిరుగుతూనే ఉండాలి. రాంప్రసాద్ ఉండేది కూడా ఉధ్నాలోనే, సోమలింగం గదికి రెండు గల్లీల అవతల. పొద్దున సోమలింగం వీటి మీద వస్తాడు. అప్పుడే రాంప్రసాద్ ఇంటికి పోవాలి. సాయంత్రం రాంప్రసాద్ వస్తాడు. అప్పుడే సోమలింగం ఇంటికి పోవాలి. ఇద్దరూ ఒకేసారి రోడ్డు మీద ఉండేదే లేదు. రెండో జత అక్కర్లేదు.

ఆ లెక్క ఇద్దరికీ ఒకేసారి తట్టింది. సోమలింగం వంగి, పానాతో మర తిప్పి, పలకను రాంప్రసాద్ బూటుకు సరిపడా పొడుగు చేశాడు.

నేర్పడం పాళీ మారే కాసేపట్లోనే జరిగింది. రెండు వరసల నడుమ నేర్పే వీలు లేదిప్పుడు, సాంచాలు నడుస్తున్నాయి. గేటు బయట గోడ పట్టుకుని నిలబెట్టేవాడు. "మోకాలు వంచు. కింద చూడకు. పక్కకసలే చూడకు." మొదటివారం రాంప్రసాద్ ఇంటికి గోడలు పట్టుకునే పోయాడు. అతని భార్య నవత చూసి, తాగొచ్చాడనుకుని తలుపు తీయలేదు. రెండోవారానికి అతనికి పట్టుబడింది. ఆ తర్వాత నూనె మానేసి కిరసనాయిలుతో కడగడం, ఆరబెట్టడం, పనివేళ ప్లాస్టిక్ కవరులో కట్టి పెట్టడం మొదలుపెట్టారు. వంతులవారీగా కాదు, ఎవడు దిగితే వాడే. జబ్బు రోజులు కనుక శానిటైజర్ కూడా కొట్టేవారు. తెగిన పట్టీని నైలాన్ దారంతో నేతముడి వేసి కట్టారు, అది కొత్త పట్టీ కంటే గట్టిగా నిలిచింది. కనకయ్య ఇంకో జోడీని వెతుక్కున్నాడు.

ఆ వానాకాలం అయ్యాక బస్సుల దారి జనంతో బాగా నిండింది. సాయంత్రాలు పిల్లలు స్కేట్లతో దిగేవాళ్ళు. ఒక నడివయసు గుజరాతీ దంపతులు తెల్ల బూట్లతో వడివడిగా నడిచేవాళ్ళు. పనికి పోయేవాళ్ళు సైకిళ్ళ మీద పోయేవాళ్ళు. కంచె పక్కన ఒకడు చాయ్ కెటిల్ పెట్టాడు. ఏదో సైకిల్ క్లబ్బు కుర్రవాడు సోమలింగాన్ని ఆపి, ఫోన్ ముందుపెట్టి, పర్యావరణం గురించి మీ సందేశం ఏమిటి అంకుల్ అని హిందీలో అడిగాడు.

"బస్ ఆయేగీ తో బస్ మే జాయేంగే," అన్నాడు సోమలింగం. బస్సొస్తే బస్సులోనే పోతామని.

ఆ వీడియో ఎక్కడా రాలేదు.

చలి మొదలవుతుండగా బస్సు వచ్చింది. మొదటిరోజు గార్డు ఈల వేసి రాంప్రసాద్‌ను కంచె బయటికి పంపాడు. ఇద్దరూ బస్సెక్కారు. అన్నమాట ప్రకారమే, చింత లేకుండా. బస్సులో సోమలింగం మడమ నొప్పి తగ్గలేదు కానీ ఆలస్యం మాత్రం కాలేదు. స్కేట్లు ప్రసన్న చేతికి తిరిగి వచ్చాయి. ఆమె చక్రాలు తిప్పి చూసి, "ఇద్దరు కలిసి రబ్బరంత తిన్నరు గదా! ఇయి నేనేం చేసుకోవాలె?" అంది. వాటిని మేకుకు తగిలించింది.

మేకుకు ఎన్నో రోజులు లేవు. కార్ఖానాకు కరెంటు కోత సెలవు వచ్చిన ఒక పొద్దున, రాత్‌పాళీ నిద్ర మానుకుని, రాంప్రసాద్ సోమలింగం తలుపు కొట్టాడు. "కాల్వ మీద రోడ్డు కొత్తగేసిండ్రట బావా. జర చూసొద్దామా?" జమున ఇద్దరి మొహాలూ చూసి, మేకు వైపు చూపించింది.

కాలవ గట్టు. సూరత్ చలి అది, స్వెటర్ వేసుకుంటే ఉక్క, విప్పితే వణుకు. ఇద్దరూ సిమెంటు బల్ల మీద కూర్చున్నారు. పదేళ్ళ జోడీ మొదటిసారి పక్కపక్కన కూర్చుని చాయ్ తాగింది. మోత లేదు. మాట్లాడడానికి ఏమీ తోచలేదు.

"ఏడోది ఎట్లున్నది?" అన్నాడు సోమలింగం చివరికి.

"మంచిగనే ఉన్నది." రాంప్రసాద్ అడిగాడు, "మీ బిడ్డ పేరేంది బావా?"

"ప్రసన్న. మీ పోరని పేరు?"

"ప్రణయ్."

జత ఒకటే కనుక ఒకరు పోవాలి, ఒకరు కూర్చోవాలి. రాంప్రసాద్ కట్టుకుని లేచి, చేతులు వెనక్కి కట్టుకుని, వంపు తిరిగి కనబడకుండా పోయాడు. సోమలింగం ఎడమ బూటు వదులు చేసి, మడమను ఎండలో పెట్టాడు. గట్టు మీద పిల్లలు, కుక్కలు, కూరల బండి. చాయ్ గ్లాసు ఖాళీ అయింది, కూరల బండి పోయింది, రాంప్రసాద్ రాలేదు. సోమలింగం రెండుసార్లు లేచి చూశాడు.

వంపులో ఎట్టకేలకు కనబడ్డాడు. తొందరేమీ లేదు. కుడికి ఒక చూపు, ఎడమకు ఒక చూపు.

సోమలింగం పానా చేతిలోకి తీసుకున్నాడు.

"ఏందిరా, నీయే కాళ్ళా? నాయి కట్టెలా?" అని కేకేశాడు. "ఇంకోపారి గిట్ల చేస్తె కనకయ్యతోని జోడీ కడ్త, ముంగటనే చెప్తున్న!"

"కట్టుకో పో," అన్నాడు రాంప్రసాద్, బల్ల మీద కూలబడి కాలు అతని ముందుకు చాపుతూ. "కనకయ్యకు చక్రాలున్నయా?"